బానెట్టు మీద లక్క సీలు

నాకు కోపం ఎక్కువ. గురజాల సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర నా చేత దస్తావేజులు రాయించుకున్న ప్రతివాడికీ ఈ సంగతి తెలుసు. పొలం సరిహద్దులు ఒకసారి ఒకరకంగా, ఇంకోసారి ఇంకోరకంగా చెబితే పెన్ను మూసి జేబులో పెట్టుకుని లేచిపోతాను. అయితే ఎంత కోపం వచ్చినా రుజువు లేకుండా ఎవరినీ ఒక్క మాట అనను అని నా మీద నాకో నమ్మకం ఉండేది. ఎనభై అయిదో సంవత్సరం ఎండాకాలంలో, ఒక సోమవారం పొద్దున, పున్నయ్య టీ హోటలు ముందు ఆ నమ్మకం కాస్తా పోయింది.

దానికంతటికీ కారణం ఒక కారు. ఎర్రరంగు, రెండే సీట్లు, పైన గుడ్డ టాపు. గుంటూరులో ఒక పొగాకు వ్యాపారి కొడుకు మోజుపడి తెచ్చుకుని, మోజు తీరాక అమ్ముతానంటే నేను కొన్నాను. రిజిస్ట్రేషను పని మీద వెళ్లి, షెడ్డులో దుమ్ము కొట్టుకుని ఉన్న ఆ బండిని చూసి, ఇంటికి వచ్చి మూడు రాత్రులు నిద్రపోలేదు. "యాభై రెండేళ్లు వచ్చాక ఇదేం బుద్ధండీ, అందులో నేనెక్కితే చీర కొంగు రోడ్డు మీద ఊడవాల్సిందే" అంది మా ఆవిడ రామలక్ష్మి. నేలకు కరుచుకుని పోతుందని ఊళ్లోవాళ్లు దానికి కప్పకారు అని పేరు పెట్టారు. నాలుగు ఫర్లాంగుల దూరంలో ఉన్న ఆఫీసుకు ఆ కప్పకారులో వెళ్లి దిగుతుంటే నాకు మాత్రం భలే సంతోషంగా ఉండేది.

ఆ కారు మంచీ చెడ్డా చూసేది ఇస్మాయిలు. మాచర్ల రోడ్డులో అతనికో రేకుల షెడ్డు ఉంది. ఇరవై ఏళ్లుగా లారీలూ ట్రాక్టర్లూ బాగుచేస్తున్నాడు. మాటలు తక్కువ, పని ఎక్కువ. మా ఇంటికీ షెడ్డుకూ మధ్య ఒక్క సందు అడ్డం. రోజూ సాయంత్రం ఇద్దరం పున్నయ్య హోటల్లో ఒక టీ సగం సగం తాగేవాళ్లం. అతను పొరుగూరికి వెళితే షెడ్డు తాళంచెవి మా వరండా స్తంభానికి ఉన్న మేకుకు తగిలించి వెళ్లేవాడు. వచ్చి తీసుకునేటప్పుడు కూడా పిలిచేవాడు కాదు. ఆ మేకు అతనిదే అన్నట్టు ఉండేది వ్యవహారం.

ఉగాది వెళ్లాక ఇస్మాయిలు కారుకు ఆయిలు మార్చాడు. మూడోనాడు నేను సరదాకి బానెట్టు ఎత్తి, ఆయిలు కొలిచే కడ్డీ లాగి చూశాను. కాటుక. వేలికి రాసుకుంటే వేలు నల్లబడింది. కారుతో పాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకంలో ఆయిలు తేటగా ఉండాలని రాసి ఉంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కొత్త డబ్బా నా చేత కొనిపించి, అది దాచుకుని, ఏ లారీలోనో తీసిన కాలిన ఆయిలు నా కారులో పోశాడు. ఇంతే కదా దీని అర్థం? ఇరవై ఏళ్ల స్నేహితుడు ఇట్లా చేశాడేమిటని బాధ కలగవలసింది. నాకు బాధకంటే ముందు కోపం వచ్చింది.

నేరుగా పున్నయ్య హోటలుకు వెళ్లాను. ఇస్మాయిలు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ పదిమంది ఉన్నారు. నల్లటి వేలు అతని ముఖం ముందు పెట్టి అడిగాను. అతను నిదానంగా ఏదో చెప్పబోయాడు. నేను చెప్పనివ్వలేదు.

"నాకు కథలొద్దు ఇస్మాయిలూ. ఆయిలూ, ఫిల్టరూ, నా కారుకు వేసినవి సమస్తం కొత్తవేనని దర్గా గడప మీద చెయ్యేసి ప్రమాణం చెయ్. చేస్తే నీ కాళ్లు పట్టుకుంటా."

సమస్తం అనేది నా వృత్తి మాట. ముప్ఫై ఏళ్లుగా నిధినిక్షేప జల తరు పాషాణ సహితంగా సమస్త హక్కులూ అని రాసి రాసి, కోపంలో కూడా అదే వస్తుంది.

ఇస్మాయిలు నా ముఖంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. నేనేదో అంటానని ఎదురుచూస్తున్నట్టు అనిపించింది. ఆఖరికి అతను తలకాయ దించుకుని, "ఆ ప్రమాణం నేను చెయ్యలేను పంతులుగారూ" అన్నాడు. గ్లాసు బెంచీ మీద పెట్టి వెళ్లిపోయాడు. గ్లాసులో టీ అట్లాగే ఉంది.

అంతే. ఊరు ఊరంతా ఆ మాట పట్టుకుంది. లారీ డ్రైవర్లు మాత్రం, "డీజిలు బండ్లో ఆయిలు పోసిన పూటే నల్లబడద్ది పంతులుగారూ, అందులో వింతేముంది" అన్నారు. మరి పెట్రోలు కారు సంగతేమిటిరా అంటే, "ఏమో, దొరల బండి, మాకేం తెల్సు" అన్నారు. వాళ్లకు కూడా ఆయిలుకంటే ప్రమాణం దగ్గరే అనుమానం వచ్చింది. తప్పు చెయ్యనివాడు ప్రమాణానికి ఎందుకు జంకుతాడు? ఒక్కొక్క ట్రాక్టరే వేరే షెడ్డుకు మళ్లింది. నెల తిరిగేసరికి ఇస్మాయిలు షెడ్డు ముందు బండి లేదు. ఎప్పుడైనా ఎదురుపడితే "నమస్తే సార్" అని పక్కకు తప్పుకునేవాడు. ఇరవై ఏళ్లు పంతులుగారూ అని పిలిచినవాడు సార్ అంటే నాకు చెంప మీద కొట్టినట్టు ఉండేది. తప్పు చేసినవాడికి ఇంత పౌరుషం ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు.

ఇక ఆయిలు నేనే మార్చుకోవాలని నిశ్చయించుకున్నాను. ఉత్తరాలు రాయడం నాకు వెన్నతో పెట్టిన విద్య. పుస్తకంలో ఉన్న నంబరు వేసి, కొత్త ఫిల్టరు కోసం మద్రాసులో విడిభాగాల దుకాణానికి ఉత్తరం రాశాను. మూడు వారాలకు పార్సెలు వచ్చింది. అట్టపెట్టెలో కాగితపు మడతల ఫిల్టరు ఒకటి, నల్లటి రబ్బరు రింగు ఒకటి. వాటిని చూసి ఇదీ నిజాయితీ అంటే అనుకున్నాను.

ఆ ఆదివారం పొద్దున పనికి దిగాను. రెండు వరసల నాపరాళ్లు పేర్చి, కారు ముందు చక్రాలు వాటి మీదికి ఎక్కించాను. అప్పటికే మా ఎదురింటి లింగమ్మ ఒక డాల్డా డబ్బా పట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చుంది. కాలిన ఆయిలుకు మా వైపు గిరాకీ ఎక్కువ. చెదపట్టకుండా దూలాలకు పూస్తారు, బండి ఇరుసుకు రాస్తారు, గేదె ఒంటి మీద పుండ్లకు కూడా రాస్తారు.

"ఇంజను చల్లారిందాక ఉండు లింగమ్మా, చెయ్యి కాలుద్ది" అన్నాను.

"ఉంటాలే పంతులూ, నాకేం తొందర. ఇస్మాయిలైతే ఈపాటికి చేసి చేతులు కడుక్కునేటోడు" అంది.

నేను పానాలు ఏరుకుంటున్నాను. ఆమె ఊరుకోలేదు. "పోతన్నాడంటగా. మిర్యాలగూడలో ఎవరిదో గ్యారేజీలో పనికి కుదిరాడంట. రేపు పగటేల బస్సుకి మొగుడూ పెళ్లాం ఇద్దరూ."

నా చేతిలో పానా జారి రాయి మీద పడింది. కృష్ణానది అవతలికి పోతున్నాడా? నాతో ఒక్క మాట చెప్పకుండా? నాతో ఎందుకు చెబుతాడని వెంటనే నేనే అనుకున్నాను. నిజం చెప్పాలంటే, అతను వచ్చి, తప్పయింది పంతులుగారూ అంటే చాలు, ఎక్కడికీ పోవద్దని నేనే చెప్పేవాణ్ణి. ఆ ఒక్క మాట ఎందుకు అనడో నాకు తెలియడం లేదు.

ఇంజను పూర్తిగా చల్లారాక గోనెపట్టా పరుచుకుని కారు కిందికి దూరాను. పైన చూస్తే అంతా నలుపే. పుస్తకంలో బొమ్మ ఒకరకంగా ఉంది, ఇక్కడ ఇంకోరకంగా ఉంది. బొమ్మను తలకిందులుగా పట్టుకుంటే సరిపోయింది. ఆయిలు బయటికి వదిలే మూత బోల్టు తిప్పితే అది రాలేదు. అటు తిప్పాలా ఇటు తిప్పాలా అని సందేహం వచ్చింది. కింద పడుకుని చూస్తే కుడి ఏదో ఎడమ ఏదో కూడా తేలలేదు. చివరికి అది ఊడి, ఆయిలు సన్నటి ధారగా బేసిన్లో పడింది. సగం నా మోచేతి మీదుగా చంకలోకి పోయింది. లింగమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ తర్వాత ఫిల్టరు. ఇంజను పక్కన రేకు డబ్బా ఒకటి, దానికి పొడుగాటి బోల్టు. ఊడదీసి డబ్బా వంచితే, లోపలి నుంచి ఒక వస్తువు బయటికి వచ్చింది. చూసి బిత్తరపోయాను. అది ఫిల్టరు కాదు. చిల్లుల రేకు గొట్టం ఒకటి, దాని చుట్టూ మడతలు మడతలుగా చుట్టిన గుడ్డ. గుడ్డను దారంతో దగ్గర దగ్గరగా, ఎంతో ఓపిగ్గా కుట్టి ఉంది.

"దొరికాడు" అని అరిచాను. ఆయిలు సంగతి అటుంచి, ఫిల్టరు స్థానంలో పాత గుడ్డపీలికలు! ప్రమాణం ఎందుకు చెయ్యలేదో ఇప్పుడు తెలిసింది. నాకు అప్పుడు సంతోషం కలిగింది. సిగ్గుపడవలసిన సంతోషమే అయినా, కలిగిందని ఒప్పుకోవాలి.

కొత్త ఫిల్టరు పెట్టి, కొత్త రింగు వేసి బిగించాను. పుస్తకంలో ఎనిమిది పింట్లు పొయ్యమని ఉంది. పింటు అంటే ఎంత? ఇంట్లోకి వెళ్లి నిఘంటువు తీశాను. అందులో కొలత ఒక రకం అని ఉంది. ఆ మాత్రం నాకూ తెలుసు. రామలక్ష్మి మా అబ్బాయి పాత లెక్కల పుస్తకం వెతికి నాలుగున్నర లీటర్లని తేల్చింది. పోసి స్టార్టు చేశాను. ఫిల్టరు పక్కనుంచి ఆయిలు జివ్వున చిమ్మింది. గాభరాగా ఆపి, మళ్లీ ఊడదీస్తే, పాత రబ్బరు రింగు పై గాడిలో అట్లాగే అంటుకుని ఉంది. చూసుకోకుండా దాని మీదే కొత్తది పెట్టేశాను; పాతది పీకేసి మళ్లీ బిగించాను. ఇస్మాయిలు ఈ పని పాటలాగా చేసుకుపోయేవాడు. నాకు మధ్యాహ్నం దాటింది, నడుం పడిపోయింది. పాత ఆయిలంతా లింగమ్మ డబ్బాలో పోసి పంపించాను.

సాయంత్రం కారు పున్నయ్య హోటలు ముందుకు తీసుకెళ్లాను. ఇస్మాయిలు వెళ్లేలోపల ఈ వ్యవహారం రుజువుతో సహా తేలాలి. జనం మూగారు. కడ్డీ తీసి అందరికీ చూపించాను. ఆయిలు కాచిన నెయ్యి రంగులో ఉంది. గుడ్డ చుట్టిన గొట్టాన్ని టీ బల్ల మీద పెట్టి, "ఇదీ మీ ఇస్మాయిలు వేసిన కొత్త ఫిల్టరు" అన్నాను. ఒకళ్ల చేతిలోంచి ఒకళ్లకు వెళ్లింది. చూసినవాళ్లు తల ఊపారు.

తర్వాత దాచేపల్లి దాకా వెళ్లి తిరిగి వచ్చి, కారు అక్కడే ఆపి, నా వృత్తి పనితనం చూపించాను. బానెట్టు మూసిన చోట కాగితం అంటించి, దాని మీద లక్క కరిగించి పోసి, నా ఉంగరంతో సీలు వేశాను. కాగితం మీద తేదీ, సమయం, నా సంతకం. సాక్షి సంతకం పున్నయ్యది. పున్నయ్య ఎట్లాగూ హోటలు ముందే మంచం వేసుకుని పడుకుంటాడు.

"రేపు పొద్దున ఎనిమిదింటికి అందరి ముందూ సీలు తీస్తా. ఆయిలు ఇట్లాగే ఉంటుంది. అప్పుడు చెప్పండి దొంగ ఎవడో" అన్నాను.

సోమవారం ఎనిమిదింటికి నలభై మంది ఉన్నారు. పున్నయ్య సీలు చూసి, "చెక్కు చెదరలా" అన్నాడు. కాగితం చింపి బానెట్టు ఎత్తాను. కడ్డీ లాగి, పున్నయ్య భుజం మీది తెల్ల తువ్వాలుతో తుడిచి, మళ్లీ ముంచి లాగాను.

నల్లగా ఉంది.

నేను మళ్లీ తుడిచాను. మళ్లీ ముంచాను. నలుపే. నిన్న సాయంత్రం నెయ్యిలాగా ఉన్నది ఇవాళ ఇట్లా ఎట్లా అయింది? ఎవడు పోశాడు? సీలు నాది, ఉంగరం నా వేలికే ఉంది, కారు పక్కనే పున్నయ్య పడుకున్నాడు. ఒక్క క్షణం పున్నయ్యను కూడా అనుమానించాను. జనాన్ని తోసుకుని లింగమ్మ ఇంటికి పరుగెత్తాను. డబ్బాలో పాత ఆయిలు సగం అట్లాగే ఉంది, మిగతా సగం ఆమె దూలాలకు పట్టించింది. "నీ ఆయిలు నేనేం చేసుకుంటా, తాగుతానా?" అని నా మీదికి లేచింది. కళ్లతో చూసింది, సీలు వేసింది, సంతకాలు తీసుకున్నది, అన్నీ ఉన్నా జరిగింది మాత్రం అంతుబట్టడం లేదు.

తిరిగి వచ్చేసరికి పున్నయ్య నల్లటి మరకలు పడ్డ తువ్వాలు రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతను వెటకారం చేసే మనిషి కాదు. మామూలుగానే అడిగాడు.

"ఇది మీరు పోసిందేగా పంతులుగారూ. సమస్తం కొత్తదేనని ప్రమాణం చేస్తారా?"

ఎవరో నవ్వారు. నేను బల్ల మీది గుడ్డ గొట్టం తీసుకుని, కారు అక్కడే వదిలేసి ఇంటికి నడిచాను.

రామలక్ష్మి వరండాలో బియ్యం ఏరుతూ ఉంది. నేను స్తంభం దగ్గర కూలబడి జరిగిందంతా చెప్పాను. "ఆయిలు చూస్తే ఇస్మాయిలు దొంగ కాదు. ఈ ఫిల్టరు చూస్తే దొంగ. రెండూ ఎట్లా కుదురుతాయి? నాకు పిచ్చెక్కుతోంది" అన్నాను.

ఆమె చాట పక్కన పెట్టి, నా చేతిలోది తీసుకుని, కుట్టు మీద వేలు పెట్టి చూసింది. గోరుతో దారం కొంచెం తెంపి లోపలి మడత బయటికి లాగింది. ఆయిలు తగలని చోట ఆకుపచ్చ అంచు కనబడింది.

"ఇది మీ పంచె కదండీ" అంది.

"నా పంచేమిటి?"

"నిరుడు దసరాకి కొన్నది. చినిగితే పక్కన పెట్టాను. ఆయిలు మార్చే ముందు ఒకరోజు ఇస్మాయిలు గుమ్మంలోకి వచ్చాడు, గుంటూర్లో బెజవాడలో కూడా ఫిల్టరు దొరకలేదు, పాతది పనికిరాదు, గుడ్డతో కట్టి వెయ్యమంటారా, దొరికిందాకా ఆగుతారా అని అడిగాడు. మీరేమో రేడియోలో క్రికెట్టు వింటున్నారు. ఎవడో అవుటయ్యాడని కేకలు. 'ఏదో ఒకటి వేసి తగలెయ్యవయ్యా' అని, దండెం మీద ఉన్న ఈ పంచె తీసి మీరే అతని మీదికి విసిరారు. వంటింట్లోంచి నేను చూశాను."

"మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"మీ గొడవ ఆయిలు గురించి అన్నారు గానీ, ఫిల్టరు గురించి అని నాకెప్పుడు చెప్పారు?"

నాకు గుర్తొచ్చింది. ఆట గుర్తొచ్చింది, కేక గుర్తొచ్చింది, పంచె చేతిలోంచి వెళ్లడం కూడా గుర్తొచ్చింది. హోటల్లో అతను నా ముఖంలోకి ఎందుకు అంతసేపు చూశాడో అప్పుడు తెలిసింది. గుర్తు తెచ్చుకుంటానని చూశాడు. నేను గుర్తు తెచ్చుకోకపోగా ఆ గుడ్డనే బల్ల మీద పెట్టి ఊరందరికీ చూపించాను. అరచేతుల్లో ముఖం పెట్టుకున్నాను. ఆయిలు వాసన వచ్చింది.

అట్లా ఎంతసేపు కూర్చున్నానో, తల ఎత్తేసరికి గడియారం పదకొండున్నర చూపిస్తోంది. పన్నెండింటికి బస్సు. నాకు నోటితో క్షమాపణ చెప్పడం రాదు, ఎన్నడూ చెప్పలేదు. నాకు వచ్చింది రాయడం ఒక్కటే. ఒక దస్తావేజు కాగితం తీసి, గబగబా రాసి, బస్టాండుకు పరుగెత్తాను.

మిర్యాలగూడ బస్సు ఆగి ఉంది. ఇస్మాయిలు పానాల సంచీ పక్కన పెట్టుకుని చప్టా మీద కూర్చున్నాడు. అతని భార్య కుల్సుం పక్కనే పెట్టె మీద కూర్చుంది. నన్ను చూసి అతను లేచి, "నమస్తే సార్" అన్నాడు.

నేను కాగితం విప్పి, అక్కడే నిలబడి, బస్సులోవాళ్లకు కూడా వినబడేటట్టు చదివాను.

"గురజాల కాపురస్తుడు వెంకట్రామయ్య అను నేను, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో రాసి ఇచ్చిన ఒప్పుదల కాగితం ఏమనగా: మెకానిక్కు ఇస్మాయిలు గారు నా కారుకు పోసిన ఆయిలు కొత్తదే. ఫిల్టరుకు చుట్టిన గుడ్డ నేను నా చేతులతో ఇచ్చిన నా పంచె. ఆ సంగతి నేను మరిచి, పదిమందిలో వారిని దొంగ అన్నాను. ఇందులో వారి తప్పు ఏమీ లేదు. తప్పు సమస్తం నాది."

చదవడం అయ్యేసరికి బస్సు కిటికీల్లోంచి తలలు బయటికి వచ్చాయి.

ఇస్మాయిలు కాగితం వైపు చూశాడు. తర్వాత, "మీరు ఆయిలు వేడి మీద తీశారా, చల్లారినాక తీశారా?" అని అడిగాడు.

"చల్లారాక."

"అదీ. చల్లటి ఇంజన్లో మడ్డి అడుగునే అంటుకుని ఉంటది. కొత్త ఆయిలు పోసి బండి నడిపితే అదంతా కరిగి అందులోనే కలుస్తది. వేడి మీద తీసినా ఎంతో కొంత ఉండిపోద్ది. ఆ కారు గుంటూర్లో ఎన్నేళ్లు మూలబడిందో, ఎంత మడ్డి పేరిందో. నాలుగుసార్లు మారిస్తే గాని తేటబడదు. నేను మార్చినా అంతే, మీరు మార్చినా అంతే. ఆ రోజు ఇదే చెప్పబోయినా."

"పంచె మీరే ఇచ్చారుగా అని ఒక్క మాట నా మొహాన అనొచ్చుగా ఇస్మాయిలూ!"

"అంతమందిలో మీరు అబద్ధమాడుతున్నారని నేనెట్టా అనాల? మీకే గుర్తొస్తదని చూసినా."

అప్పుడు కుల్సుం తల ఎత్తింది. అంతవరకూ నాతో ఆమె ఎప్పుడూ రెండు మాటలకు మించి మాట్లాడలేదు.

"ఆ గుడ్డ కుట్టింది నేను. మీ కారు పాడవద్దని మూడు పూటలు కూచొని, కుట్టు వదులైతే ఊడదీసి మళ్లా కుట్టినా. నిన్న దాన్ని హోటల్లో పెట్టి అందరికీ చూపించారంట."

"చూపించానమ్మా" అన్నాను.

"ఆ కాగితానికి సాక్షి ఎవరు?"

ముప్ఫై ఏళ్లలో సాక్షి సంతకం లేకుండా నేను కాగితం పూర్తిచెయ్యడం అదే మొదటిసారి. ఆమె చెయ్యి చాపింది. నా పెన్ను ఇచ్చాను. పెట్టె మీద కాగితం పరుచుకుని, కింద నెమ్మదిగా, విడివిడి అక్షరాలతో కుల్సుం అని రాసి, కాగితం మడిచి తన సంచీలో పెట్టుకుంది.

"పోవద్దు ఇస్మాయిలూ" అన్నాను.

"అక్కడ మాట ఇచ్చినా. మాట ఇచ్చినాక పోకుంటే ఎట్టా?" అన్నాడు. సంచీ భుజానికి వేసుకున్నాడు.

"మరి షెడ్డు తాళం?"

"పున్నయ్యకిచ్చినా" అని, నా వైపు చూడకుండా బస్సెక్కాడు. కోపంతో అనలేదు. అందుకే ఆ మాట నాకు ఇంకా గట్టిగా తగిలింది. డ్రైవరు హారను కొట్టాడు. బస్సు కదిలింది. హోటలు మలుపు దగ్గర అది కాసేపు ఆగినట్టు, ఎవరో కిటికీ దగ్గరికి పరుగెత్తినట్టు దూరం నుంచి కనబడింది. దుమ్ములో నాకు సరిగా ఆనలేదు. ఎవరైనా ఎక్కారేమో అనుకున్నాను.

ఇంటికి వెళ్లి, అన్నం వద్దని, వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఎండ చల్లబడే వేళకు పున్నయ్య వచ్చాడు. నా కారు గురించి ఏదో అడగడానికి వచ్చాడనుకుని లేవబోయాను. అతను నా వైపు రాకుండా స్తంభం దగ్గరికి వెళ్లి, చొక్కా జేబులోంచి తాళంచెవి తీసి మేకుకు తగిలించాడు.

"ఇస్మాయిలు బస్సు ఆపించి చెప్పిపోయాడు పంతులుగారూ. దాని చోటు ఇదేనంట."